ఈశాన్య మూలలో చాటు లేదు

పెయింట్‌బాల్ గ్రౌండ్‌లో పనికి చేరే పిల్లలు మొదట తుపాకీ గురించి అడుగుతారు. ఎంత దూరం కొడుతుంది, తగిలితే ఎంత నొప్పి, నిమిషానికి ఎన్ని గోలీలు పోతాయి అని. చాటు గురించి అడిగినవాడిని నేను ఇంతవరకూ చూడలేదు. నేను బతుకంతా కట్టింది చాట్లే. రంగు గోలీ తగలకుండా మనిషి నక్కడానికి పనికొచ్చే ప్రతిదాన్నీ నేను చాటు అంటాను. కొత్తవాళ్లు బంకర్ అంటారు. పద్దెనిమిదేళ్లు గల్ఫ్‌లో కట్టాను, ఆ తర్వాత కోరుట్ల శివార్లలో ఏడేళ్లు కట్టాను. మోకాళ్లు ఇక మావల్ల కాదని మొండికేశాక మానేశాను.

మాది గొల్లపల్లి. మా నాయన తాళ్లు గీసి కల్లు దించేవాడు. నేను చెట్టెక్కలేదు, సెంట్రింగ్ పని నేర్చుకున్నాను. గల్ఫ్‌లో నేనేం చేస్తున్నానో ఇంటివాళ్లకు చెప్పడం పనికంటే కష్టమైంది. పెద్ద పెద్ద మగవాళ్లు తుపాకులు పట్టుకుని దాక్కుంటారు, వాళ్లు దాక్కోవడానికి నేను గోడలు కడతాను అని ఫోన్లో చెప్పాను. మా అత్త యుద్ధం అనుకుని, నేను క్షేమంగా వస్తే కొండగట్టుకు నడిచి వస్తానని మొక్కుకుంది. వచ్చాక అసలు సంగతి తెలిసినా, మొక్కు మొక్కే కదా అని నన్ను కూడా నడిపించింది.

కోయా ఎలా నేర్పాడు

గల్ఫ్‌లో విమానం దిగితే కంపెనీవాళ్లు బిల్డింగ్ పనికి కాకుండా ఊరి బయట ఎడారిలో ఒక ఆట మైదానానికి తోలారు. అక్కడ ఫోర్మన్ కోయా అనే మలయాళీ. మొదటిరోజే పలకలతో ఒక గోడ కట్టమన్నాడు. కట్టాను. దాని వెనక కూర్చోమన్నాడు. కూర్చున్నాను. తను నలభై అడుగుల దూరంలో నిలబడి అరగంట సేపు కొట్టాడు. నేను పలకకూ పలకకూ మధ్య వేలు పట్టేంత సందు వదిలాను. గోలీలన్నీ పలక అంచున పగిలి ఆ సందుల్లోంచి నా మీద చిమ్మాయి. లేచి చూసుకుంటే నిలువు చారల చొక్కా వేసుకున్నట్టున్నాను. కోయా ఇంకో కట్ట మేకులు నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

అంతకంటే మంచి గురువును నేను చూడలేదు. మీరు ఏది కట్టినా ముందు దాని వెనక మీరే కూర్చోండి. పై అధికారి మెచ్చుకున్నాడా, ఫోటోలో బాగుందా అన్నది తర్వాత.

అయితే ఇందులోనూ ఒక తప్పు ఉంది. అది కోయాది కాదు, నాది. నేను ఐదడుగుల రెండంగుళాలు. కూర్చుని చూసుకునేది నేనే కాబట్టి, ఏడాదిన్నర పాటు ఆ మైదానంలో ప్రతి చాటూ నా తల మీదికి సరిగ్గా వచ్చేలా కట్టాను. ఆడటానికి వచ్చేవాళ్లలో సగం మంది ఆరడుగుల పైవాళ్లు. ఏ ఆటలో చూసినా నడినెత్తిన రంగుతో బయటికి వచ్చేవారు. వాళ్లు సరిగా వంగడం లేదనుకుని కోయా వాళ్లకే క్లాసు పీకేవాడు. చివరికి ఒక పొడవాటి సూడాన్ ఆటగాడు నన్ను చాటు పక్కన నిలబెట్టి, నా నెత్తి మీద చెయ్యి పెట్టి, ఆ చెయ్యి అలాగే చాటు మీదికి జరిపి చూపించాడు. రెండూ సమానం. కోయా నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. మీ కొలతతో లోకానికి చాటు కట్టకండి.

ఏది నిలబడుతుంది, ఏది నిలబడదు

కోరుట్లలో గ్రౌండ్ పెట్టింది భూమన్న. గల్ఫ్‌లో మా మైదానానికి నీళ్ల ట్యాంకర్ తోలేవాడు. ఇంటికి వచ్చాక రెండెకరాల పసుపు చేను చదును చేయించి, నన్ను పిలిపించుకున్నాడు. మనిషి మంచివాడు. కాకపోతే ఏ పనికైనా ముగ్గురిని సలహా అడిగి, మూడోవాడు చెప్పింది చేస్తాడు. నేను ఎప్పుడూ మొదటివాడిని.

లారీ టైర్లు అన్నిటికంటే నమ్మకమైనవి. ఐదారు పేర్చి, నడుమ గుంజ పాతి, లోపల మట్టి నింపండి. మట్టి నింపనివాటికి అడుగున బెజ్జాలు పెట్టండి. పెట్టకపోతే వానాకాలంలో నీళ్లు నిలుస్తాయి, ఆటగాడు శత్రువుకు భయపడకుండా దోమలకు భయపడి బయటికి వస్తాడు.

ఇనుప డ్రమ్ములు కూడా గట్టివే, కానీ గోలీ తగిలినప్పుడల్లా మోగుతాయి. మేము ఆడే రోజుల్లో అడవిపందులు తన చేనులోకి రావడం లేదని పక్క మక్కచేను రైతు గమనించాడు. కంకులు పాలు పోసుకునే రోజులు కాబట్టి, వారానికి ఇంకో రెండు ఆటలు ఎక్కువ పెట్టమని భూమన్నను వచ్చి బతిమాలుకున్నాడు.

వరిగడ్డి కట్టలు పేర్చితే చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, పడినా దెబ్బ తగలదు. కానీ తినే వస్తువుతో చాటు కట్టవద్దు. మేడిపల్లి నుంచి వచ్చిన ఒక టీచరు గడ్డికట్ట వెనక బోర్లా పడుకుని గురి చూస్తుంటే, ముందు వైపు నుంచి ఒక బర్రె తినుకుంటూ వచ్చింది. ఆయన ఏకాగ్రత గొప్పది. ఎదురుగా బర్రె ముఖం కనిపించేదాకా చాటు తగ్గుతున్న సంగతి ఆయనకు తెలియలేదు. అప్పుడు కూడా లేవకుండా దాన్నే అడ్డం పెట్టుకుని ఇంకో ఇద్దరిని కొట్టాడు.

ఇక గాలి చాట్లు. భూమన్న అడిగిన మూడో మనిషి ఎవరో చెబితే, సిరిసిల్లలో టెంట్లు కుట్టే దర్జీ చేత ఆరు పెద్ద బట్ట చాట్లు కుట్టించాడు. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ గాలితో నిండి నిలువెత్తున నిలబడతాయి. దర్జీ తప్పేం లేదు, కుట్టు చక్కగా ఉంది. మొదటి ఆట మధ్యలో కరెంటు పోయింది. అవి ఒక్కసారిగా కూలిపోయి ఉంటే ఆట ఆపేవాళ్లం. అవి మెల్లగా తలలు వంచాయి. వెనకున్నవాళ్లూ వాటితో పాటే వంగారు. తర్వాత మోకాళ్ల మీదికి దిగారు, ఆ తర్వాత పడుకున్నారు. కాసేపటికి పన్నెండు మంది పెద్దమనుషులు ఒకరికొకరు పూర్తిగా కనిపిస్తూ, బట్ట అంచు ముఖం మీదికి లాక్కుని గ్రౌండంతా పడుకుని ఉన్నారు. ఒక్కడూ కొట్టలేదు. ఎవరికి వారు తాము కనిపించడం లేదనే అనుకున్నారు.

ఒక మాట మాత్రం రాసి పెట్టుకోండి. చాటు మంచిదా కాదా అన్నది దాని వెనక ఎంతసేపు కూర్చోగలిగారన్న దాన్ని బట్టి చెప్పకూడదు. అక్కడినుంచి లేచి ముందుకు పోవడం ఎంత తేలికైందన్న దాన్ని బట్టి చెప్పాలి. కుడికీ ఎడమకూ బయటికి దారి లేని చాటు మనిషిని కాపాడదు, కట్టేస్తుంది.

సిద్ధాంతి వచ్చిన రోజు

గ్రౌండ్ తెరిచిన ఏడాదికి భూమన్న జగిత్యాల నుంచి ఒక వాస్తు సిద్ధాంతిని తీసుకొచ్చాడు. ఆయన జేబులోంచి దిక్సూచి తీసి, చాట్ల మధ్య తిరిగి, ఇక్కడ ఎవరైనా పడుకుంటారా అని అడిగాడు. రోజూ చాలామంది పడుకుంటారని చెప్పాను. నైరుతి బరువుగా ఉండాలన్నాడు. టైర్ల గోడంతా నైరుతికి మార్చాం. తుపాకులకు గాలి నింపే యంత్రం ఆగ్నేయానికి పోయింది. ఈశాన్యంలో మాత్రం నీళ్లు తప్ప ఏమీ ఉండకూడదన్నాడు. అక్కడున్న చాట్లన్నీ పీకించి, ఒక మూలకు చిన్న నీళ్ల తొట్టి పెట్టించాడు.

ఆట మొదలయ్యేది ఆ రెండు మూలల నుంచే. నైరుతి జట్టుకు కోట, ఈశాన్యం జట్టుకు తొట్టి. భూమన్నను పక్కకు పిలిచి, ఈశాన్యంలో నిలబడ్డవాళ్లు ఈల వేసిన నిమిషంలో అందరూ అవుట్ అవుతారని చెప్పాను.

"పద్దెనిమిదేండ్లు వాస్తు లేని గ్రౌండ్‌ల పనిజేసినవ్ గదనే, ఏం మిగిలిందే నీకు?" అన్నాడు.

నేను తిరిగి వాదించలేదు. నా వృత్తిలో నేను సిగ్గుపడే తప్పుల్లో అది పెద్దది. యజమాని చెప్పాడు కదా అని ఊరుకుంటే, దెబ్బ తినేది యజమాని కాదు. సగం ఆటకు మూలలు మార్చుకోవాలని రూలు పెట్టి నా మనసుకు నేను సర్ది చెప్పుకున్నాను. సగం ఆట వరకూ మిగిలిన ఈశాన్యం జట్టు ఒక్కటి కూడా లేదు.

రవళి అడిగింది

భూమన్న కూతురు రవళి జగిత్యాలలో ఒక మందుల షాపులో ఫార్మసిస్టు. సెలవు రోజుల్లో గ్రౌండ్‌కు వచ్చి నాతో పాటు రిఫరీ పని చేసేది. గురి మా అందరికంటే మంచిది. ఒక ఆదివారం వచ్చి, వాళ్ల నాయనకు చెప్పి రెండు ఇళ్లవాళ్లకూ ఒక ఆట పెట్టించమంది. సిరిసిల్ల సంబంధం. పిలగాడి పేరు నవీన్. ఇంట్లో మరమగ్గాలు ఉన్నాయి, లెక్కలు చెప్పే మాస్టారుగా పనిచేస్తాడు. పెద్దవాళ్లకు అన్నీ నచ్చాయి. తనకే ఎటూ తేలలేదు.

"రెండుసార్లు అచ్చిండ్రు కాకా. ఆయనను ఏమడిగినా వాళ్ల మామనే చెప్తడు. చాయ్‌ల చక్కెర ఎంతెయ్యాలని అడిగినా మామనే చెప్పిండు. ఆ మామ గురించి నాకు మొత్తం ఎరుకైంది. నేను లగ్గం జేసుకునేటాయన గురించే ఏం ఎరుకలేదు."

ఆటలో ఏం తెలుస్తుందని అడిగాను. చాటు వెనక మనిషి ఎలా ఉంటాడో చూస్తే చాలని ఏడేళ్లుగా చెబుతున్నది నువ్వే కదా అంది. ఆ సాయంత్రమే భూమన్నను ఒప్పించాను. వచ్చే ఆదివారం ఐదు గంటలకు లగ్గం ముహూర్తం పెట్టడానికి పంచాంగంతో అయ్యగారు వస్తారు. ఆలోపు తను ఔననో కాదనో చెప్పాలి. కాదంటే వాళ్ల నాయన తల ఎత్తుకోలేడు, ఔనంటే ఆ మామతో కాపురం చేయాల్సి వస్తుందేమోనని తన భయం. ఆ పిల్లను కాలేజీకి పోయే రోజుల నుంచి చూశాను. ఆ వారమంతా ఉన్న చాట్లకే మళ్లీ మళ్లీ మేకులు కొట్టాను.

ఆట

ఆ ఆదివారం మధ్యాహ్నం సిరిసిల్లవాళ్లు పదకొండు మంది వచ్చారు, అందరూ ఇస్త్రీ తెల్ల చొక్కాల్లో. ముందు నడిచింది మామ లక్ష్మీరాజం. మాస్క్ పెట్టుకోవడం నేర్పుతుంటే నవీన్ తలకు మాస్క్ సరిపోయిందని కూడా ఆయనే చెప్పాడు.

మూలలు ఎంచుకునే దగ్గర లక్ష్మీరాజం ఏది మంచి దిక్కని అడిగాడు. భూమన్న ఇరుకున పడ్డాడు. మగపెళ్లివారికి దేవుడి మూల కాదని నైరుతి ఎలా ఇస్తాడు? ఈశాన్యం మీదే అన్నాడు. అక్కడ చాటు లేదని నేను మెల్లగా చెప్పబోయాను. మాకు చాటెందుకని లక్ష్మీరాజం నవ్వి, తనవాళ్లందరినీ నీళ్లతొట్టి పక్కన నిలబెట్టాడు.

ఈల వేశాను. టైర్ల గోడ వెనక రవళి, ఆమె చిన్నాయనల కొడుకులు, మేనబావలు కలిసి పదకొండు మంది. మొదటి అర నిమిషంలో సిరిసిల్ల చొక్కాలు నాలుగు ఆకుపచ్చగా అయ్యాయి. అప్పుడు లక్ష్మీరాజం ఒక సంగతి గమనించాడు. చుట్టూ గోలీలు కురుస్తున్నా నవీన్ మీద ఒక్కటి పడలేదు. ఎలా పడుతుంది? కాబోయే ఇంటల్లుడు. రేపు బొట్టు పెట్టి బట్టలు పెట్టాల్సిన మనిషి ఛాతీ మీద రంగు కొట్టే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికుంది? పైగా గ్రౌండ్ చుట్టూ కట్టిన వల బయట నిలబడి భూమన్న, అల్లుడికి ఒక్క గోలీ తాకినా ఊరుకోనని అరుస్తున్నాడు.

లక్ష్మీరాజం వెళ్లి నవీన్ వెనక నిలబడ్డాడు. ఆయన వెనక ఇంకొకడు. చూస్తుండగానే మిగిలిన ఆరుగురూ ఒకరి నడుము ఒకరు పట్టుకుని వరసగా నవీన్ వెనక చేరారు. చాటు ఇంకా వెడల్పు కావాలని లక్ష్మీరాజం నవీన్ రెండు చేతులూ పట్టుకుని పక్కలకు చాపించాడు. ఆ చంకల కింద నుంచి తుపాకులు బయటికి వచ్చాయి. తర్వాత వరస కదిలింది. లక్ష్మీరాజం మేనల్లుడిని భుజాలు పట్టి తోస్తున్నాడు, మిగతావాళ్లు వెనక వస్తున్నారు. ఎదుటివాళ్లు తల ఎత్తితే దెబ్బ, తిరిగి కొట్టలేరు. ఒక్కొక్కరే అవుట్ అయి వల దాటుతున్నారు.

మనిషిని చాటుగా వాడకూడదని రూల్ ఎక్కడా లేదు. రాసినవాళ్లకు ఆ ఆలోచన వచ్చి ఉండదు. ఈల నా చేతిలోనే ఉంది, కానీ నేను వేయలేదు. నిజం చెబుతున్నాను, పనివాడి కళ్లతో చూసి ముచ్చటపడ్డాను. సందులు లేని చాటు, నడిచే చాటు, ఎవరూ కొట్టని చాటు. ఇరవై ఐదేళ్లలో నేను అలాంటిది కట్టలేకపోయాను కదా అనుకున్నాను. ఆ చాటుకు ప్రాణముందని తట్టడానికి నాకు కొన్ని నిమిషాలు పట్టింది. అది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం.

దగ్గరికి పోతే నవీన్ మాట వినిపించింది.

"మామా, చేతులు గుంజుతున్నయి."

"ఇంకో పది అడుగులే. చేతులు మంచిగ సాపు."

టైర్ల గోడ వెనక రవళి ఒక్కతే మిగిలింది. అందుకుంటే ఆట గెలిచే జెండా వాళ్లకు ఇరవై అడుగుల్లో ఉంది. గోడ సందులోంచి ఆ పిల్ల నవీన్‌నే చూస్తోంది. తుపాకీ ఎత్తలేదు. మాస్క్ అద్దంలోంచి ఆ కళ్లు చూస్తే కాదనే మాట దాదాపు పెదాల దాకా వచ్చినట్టుంది.

అప్పుడు నవీన్ కూర్చున్నాడు. పడిపోలేదు, కాలు జారలేదు. ఉన్నచోటే బాసింపట్టు వేసుకుని, బంతిలో అన్నానికి కూర్చున్నట్టు కూర్చున్నాడు. వెనక ఆరుగురు, సగం వంగి, ఒకరి నడుము ఒకరు పట్టుకుని, ఎండలో అలాగే ఉండిపోయారు. రవళి లేచింది. మనిషికి ఒక్కటే కొట్టింది, ఆరూ తగిలాయి. చివరివాడు ఆఖరి క్షణం దాకా వెనక్కి తిరిగి ఎవరినో వెతికాడు, అక్కడ నీళ్లతొట్టి తప్ప ఏమీ లేదు.

ఇక గ్రౌండ్‌లో ఇద్దరే. పది అడుగుల లోపు దూరంలో ఉంటే కొట్టే ముందు లొంగిపోతావా అని అడగాలి, అది మా రూలు. రవళి నడుచుకుంటూ వచ్చి అడిగింది.

"సరెండరా?"

నవీన్ తుపాకీ ఒళ్లో పెట్టుకుని పైకి చూశాడు. "కాదు. కొట్టు. ఆట షురువైన సంది నన్నొక్కన్ని ఎవ్వరు కొడుతలేరు."

మోకాలి మీద కొట్టింది. నవీన్ అబ్బా అన్నాడు. తర్వాత ఇద్దరూ నవ్వారు.

వల అవతల గోల మొదలైంది. అల్లుడిని కొట్టారు, అదీ కాబోయే పెళ్లాం కొట్టింది. భూమన్న చేతులు జోడించి లోపలికి పరుగెత్తాడు. భుజం మీద రంగు కారుతున్న లక్ష్మీరాజం, ఇంతమందిలో మా పిలగాడికి జరిగింది మర్యాదేనా అని అడిగి, సామాన్లు సర్దండని తనవాళ్లకు చెప్పాడు. ఐదుకు ఇంకా పావుగంట ఉంది.

రవళి మాస్క్ పైకి లేపింది. వాళ్ల నాయన వైపు గానీ, లక్ష్మీరాజం వైపు గానీ చూడలేదు.

"మీరేమంటరు?" అని నవీన్‌ను అడిగింది.

"ఆయనేమంటడు, మేం పోతున్నం," అన్నాడు లక్ష్మీరాజం.

నవీన్ మోకాలు పట్టుకుని లేచి నిలబడ్డాడు. మామ వైపు తిరిగాడు.

"మామా, ఆమె అడిగింది నన్ను."

సామాన్లు సర్దుతున్న సిరిసిల్లవాళ్లంతా ఇటు తిరిగారు. వాళ్లు అతని గొంతు అంత పెద్దగా వినడం అదే మొదటిసారని నాకు తర్వాత తెలిసింది.

"నాకు ఇష్టమే," అన్నాడు రవళితో. "మామ పోతనంటే పోనీ. నేనైతే ఇక్కడనే ఉంట."

రవళి భూమన్న వైపు తిరిగింది.

"బాపూ, అయ్యగారికి ఫోన్ చెయ్. జెల్ది రమ్మను."

అందరూ మాస్కులు తీసేశారు. నేను మాత్రం తీయలేదు. కళ్లు తుడుచుకోవడానికి వీలు కాకపోయినా, ఆ రోజు అయ్యగారు వచ్చేదాకా దాన్ని అలాగే ఉంచుకున్నాను.